ప్రచ్ఛన్న యుద్ధం అసలు ఎక్కడ మొదలైంది? చదివినవాళ్లు, చెప్పినవాళ్లు, చూసినవాళ్లు రాయండి

అశోక్‌నగర్_అభ్యర్థి:
సివిల్స్ మెయిన్స్‌కి ప్రపంచ చరిత్ర చదువుతూ ఇక్కడ ఆగిపోయాను. ఒక నోట్సులో యాల్టా సమావేశం నుంచి అని ఉంది, ఇంకోదాంట్లో బ్రిటన్ నాయకుడు చర్చిల్ అమెరికాలోని ఫుల్టన్‌లో చేసిన ప్రసంగం నుంచి అని. కోచింగ్‌లో సార్ అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ప్రకటించిన సిద్ధాంతం అన్నారు. మా రూమ్మేట్ అయితే 1917 రష్యా విప్లవం నుంచే అని వాదిస్తాడు. 1945 ఏప్రిల్‌లో జర్మనీలోని ఎల్బే నది దగ్గర చేతులు కలిపి ఫొటోలు దిగిన అమెరికా, సోవియట్ సైన్యాలు మూడేళ్లు గడిచేసరికి బెర్లిన్ దగ్గర ఎదురుబొదురుగా ఎందుకు నిలబడ్డాయి? మీకు ఎలా అర్థమైందో చెప్పండి.

పాత_లెక్చరర్:
డిగ్రీ కాలేజీలో ఈ పాఠం చాలా ఏళ్లు చెప్పాను బాబూ. తేదీలతో మొదలుపెడితే పిల్లల బుర్రకెక్కదు. బోర్డు మీద రెండు అంకెలు వేసేవాణ్ణి: 2 కోట్ల 70 లక్షలు, 4 లక్షలు. యుద్ధంలో సోవియట్ యూనియన్ పోగొట్టుకున్న ప్రాణాలు, అమెరికా పోగొట్టుకున్నవి. రెండూ సుమారు లెక్కలే అనుకో. ఆ తర్వాత మ్యాప్‌లో పోలండ్ మీద వేలు పెట్టేవాణ్ణి.

1941లో హిట్లర్ సైన్యం దండెత్తి వచ్చింది ఆ దారినే. కాబట్టి వార్సాలో తన మాట వినే ప్రభుత్వమే ఉండాలని స్టాలిన్ పట్టు. అటు బ్రిటన్ 1939లో యుద్ధానికి దిగిందే పోలండ్ కోసం, ఆ దేశపు ప్రవాస ప్రభుత్వం ఉన్నది లండన్‌లో. 1945 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, చర్చిల్, స్టాలిన్ యాల్టాలో కూర్చుని పోలండ్‌లో స్వేచ్ఛగా ఎన్నికలు జరపాలని రాసుకున్నారు. ఆ ఎన్నికలు 1947 జనవరిలో జరిగాయి. ప్రతిపక్షం వాళ్లను జైళ్లలో వేసి, ఓట్ల లెక్కలు మార్చి జరిపారు. నిజంగా స్వేచ్ఛగా ఓట్లు వేయనిస్తే పోలండ్ జనం మాస్కోకు అనుకూలమైన ప్రభుత్వాన్ని ఎన్నుకోరని స్టాలిన్‌కు తెలుసు. ముడి పడింది అక్కడ.

బెర్లిన్_బావ:
ఇక్కడే ఉద్యోగం. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా పోట్స్‌డామ్ చూపించడం నా డ్యూటీ అయిపోయింది. 1945 జులై 17 నుంచి ఆగస్టు 2 దాకా ఆ మూడు దేశాల నాయకుల సమావేశం జరిగిన సిసిలియన్‌హోఫ్ భవనం చూస్తే మన కోటలు గుర్తుకు రావు, పెద్ద పల్లెటూరి బంగళాలా ఉంటుంది. లోపలి ముంగిట్లో సోవియట్ వాళ్లు ఎర్ర పూలమొక్కలతో నక్షత్రం వేయించారు. హాల్లో మాస్కోలో చేయించి తెచ్చిన గుండ్రటి బల్ల, అడ్డంగా దాదాపు మూడు మీటర్లు.

రూజ్‌వెల్ట్ ఏప్రిల్ 12న పోయాడు, ఆయన కుర్చీలో ట్రూమన్. సమావేశం మధ్యలో బ్రిటన్ ఎన్నికల ఫలితాలొచ్చాయి, చర్చిల్ ఓడి ఆట్లీ వచ్చాడు. యాల్టాలో కూర్చున్న ముగ్గురిలో చివరికి మిగిలింది స్టాలిన్ ఒక్కడే. సమావేశానికి ముందురోజే, జులై 16న, అమెరికాలోని న్యూమెక్సికోలో అణుబాంబు పరీక్ష. ట్రూమన్ 24న స్టాలిన్ దగ్గరికి వెళ్లి, మామూలుగా అన్నట్టు, మా దగ్గర అసాధారణమైన కొత్త ఆయుధం ఉంది అన్నాడు. స్టాలిన్ పెద్దగా చలించలేదు. గూఢచారుల ద్వారా ఆయనకు ముందే తెలుసు. పేరు చెప్పకుండా ఒకరు, తెలియనట్టు ఇంకొకరు! నన్నడిగితే నమ్మకం పోయిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఎర్రట్ట_పుస్తకాలు:
మేం చిన్నప్పుడు విశాలాంధ్ర పుస్తకాల షాపులో మాస్కో ప్రగతి ప్రచురణాలయం పుస్తకాలు కారుచౌకగా కొనుక్కుని పెరిగినవాళ్లం. ఇంటికి ‘సోవియట్ భూమి’ వచ్చేది. వాటిల్లో కథ వేరే. జర్మనీ మీద పశ్చిమం వైపు నుంచి రెండో రంగం తెరవడానికి పశ్చిమ దేశాలు 1944 జూన్ దాకా ఆలస్యం చేశాయి, జర్మనీ లొంగిపోగానే 1945 మేలో అమెరికా సోవియట్‌కు యుద్ధ సామగ్రి ఇస్తున్న లెండ్‌లీజు సాయాన్ని ఉన్నపళంగా ఆపింది, ఇలా. ఇవేవీ అబద్ధాలు కావు.

నాకు ఆ పుస్తకాల్లో కనిపించని ముక్క ఒకటుంది. 1944 అక్టోబరులో మాస్కోలో చర్చిల్ ఒక కాగితం మీద శాతాలు రాసి స్టాలిన్ ముందుకు తోశాడు: రుమేనియాలో 90 శాతం రష్యాకు, గ్రీస్‌లో 90 శాతం బ్రిటన్‌కు, యుగోస్లావియా చెరిసగం. స్టాలిన్ నీలం పెన్సిల్‌తో టిక్కు పెట్టాడు. సిద్ధాంతాలు మాట్లాడే ఇద్దరు పెద్దమనుషులు దేశాలను పొలం గట్లు పంచుకున్నట్టు పంచుకున్నారు. స్టాలిన్ ఆ మాట చాలావరకు నిలబెట్టుకున్నాడు కూడా. గ్రీస్ అంతర్యుద్ధంలో కమ్యూనిస్టులకు ఆయుధాలు ఎక్కువగా అందింది యుగోస్లావియా నాయకుడు టిటో దగ్గర్నుంచి. కానీ వాషింగ్టన్‌లో వాళ్లకు అంతా మాస్కో పనే అనిపించింది.

సెయింట్‌లూయిస్_సుబ్బులు:
మా ఊరి నుంచి ఫుల్టన్ కారులో రెండు గంటల లోపే. పిల్లల్ని తీసుకెళ్లాను. చిన్న ఊళ్లో చిన్న కాలేజీ, వెస్ట్‌మినిస్టర్ కాలేజీ. లండన్‌లో బాంబులకు దెబ్బతిన్న చర్చి ఒకదాన్ని రాయి రాయి విప్పి తెచ్చి అక్కడ కట్టారు. దాని పక్కనే బెర్లిన్ గోడ ముక్కలతో చర్చిల్ మనవరాలు చేసిన శిల్పం ఉంది. గోడలో మనిషి ఆకారంలో కంతలు, పిల్లలు అందులోంచి అటూ ఇటూ దూరి ఆడుతుంటారు.

1946 మార్చి 5న బాల్టిక్ తీరంలో స్టెటిన్ నుంచి ఏడ్రియాటిక్ తీరంలో ట్రీస్టె దాకా ఇనుప తెర దిగిందని చర్చిల్ చెప్పింది అక్కడే. అప్పటికి ఆయన ప్రధాని కాడండీ, ప్రతిపక్ష నాయకుడు. ట్రూమన్ వేదిక మీదే ఉన్నాడు. పత్రికల్లో విమర్శలు రాగానే, ఏం మాట్లాడతాడో నాకు తెలియదు అని తప్పుకున్నాడు. అంటే 1946 మార్చిలో కూడా అమెరికా జనం ఇంకా సిద్ధంగా లేరు. అందుకే ఫుల్టన్‌ను మొదలు అనడం నాకు నచ్చదు.

పాత_లెక్చరర్:
సుబ్బులుగారు మంచి మాట చెప్పారు. జనం సిద్ధంగా లేకపోయినా ఆఫీసులు సిద్ధమవుతున్నాయి. ఫుల్టన్ ప్రసంగానికి పదకొండు రోజుల ముందే, ఫిబ్రవరి 22న, మాస్కోలోని అమెరికా దౌత్యవేత్త జార్జ్ కెన్నన్ జ్వరంతో మంచంలో ఉండి వాషింగ్టన్‌కు పొడవాటి టెలిగ్రాం పంపాడు. సోవియట్ వాళ్లు వాదనకు లొంగరు, బలానికి వెనక్కి తగ్గుతారు అని దాని సారాంశం. అదే ఏడాది సెప్టెంబరులో వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబారి నోవికోవ్ మాస్కోకు రాసిన నివేదికలో, అమెరికా ప్రపంచం మీద పెత్తనానికి సిద్ధమవుతోందని ఉంది. పక్కపక్కన పెట్టి చదువు. ఎదుటివాడి గురించి ఇద్దరూ దాదాపు ఒకే మాట రాశారు.

1947 ఫిబ్రవరిలో బ్రిటన్ ఖజానా ఖాళీ, గ్రీస్, టర్కీల భారం ఇక మోయలేమని అమెరికాకు చెప్పేసింది. మార్చి 12న ట్రూమన్ ఆ రెండు దేశాలకు 40 కోట్ల డాలర్లు అడిగాడు. మీ కోచింగ్ సార్ చెప్పిన ట్రూమన్ సిద్ధాంతం ఇదే.

బెర్లిన్_బావ:
నా ఓటు మాత్రం మార్షల్ ప్లాన్‌కే, అంటే యుద్ధంలో దెబ్బతిన్న యూరప్‌కు అమెరికా ఇస్తానన్న సాయానికే. 1947 జూన్ 5న హార్వర్డ్‌లో ప్రకటించినప్పుడు తలుపు అందరికీ తెరిచే ఉంది. సోవియట్ విదేశాంగ మంత్రి మోలొటోవ్ పారిస్ దాకా వచ్చి, చర్చల్లోంచి లేచి వెళ్లిపోయాడు. చెకొస్లొవేకియా మొదట సరేనంది. జులైలో వాళ్ల నాయకుల్ని మాస్కోకు పిలిపించి మాట మార్పించారు. అప్పటిదాకా ఎటూ తేలని దేశాలకు కూడా ఆ నెలలో దారి మూసుకుపోయింది. చివరికి 16 దేశాలకు సుమారు 1,300 కోట్ల డాలర్లు అందాయి, అన్నీ పశ్చిమాన.

మిగతాది డబ్బు గొడవే. 1948 జూన్ 20న పశ్చిమ జర్మనీలో కొత్త మార్కు వచ్చింది, 24న స్టాలిన్ చుట్టూ సోవియట్ ప్రాంతమే ఉన్న పశ్చిమ బెర్లిన్‌కు రోడ్లు, రైళ్లు మూయించాడు. ఇరవై లక్షల మందికి విమానాల్లో తిండి. తిండి అంటాం కానీ ఎక్కువ బరువు బొగ్గుదే. 1949 ఏప్రిల్‌లో ఒక రోజయితే దాదాపు 1,400 విమానాలు, 13 వేల టన్నుల సరుకు. మే 12న దిగ్బంధం ఎత్తేశారు. ఆ టెంపెల్‌హోఫ్ రన్‌వే మీద ఇప్పుడు జనం సైకిళ్లు తొక్కుతారు, గాలిపటాలు ఎగరేస్తారు.

నల్గొండ_నాగన్న:
మన దాకా వచ్చిందన్నా ఇది. 1947 సెప్టెంబరులో మార్షల్ ప్లాన్‌కు జవాబుగా కోమిన్‌ఫార్మ్ అని యూరప్ కమ్యూనిస్టు పార్టీల వేదిక పెట్టి, ప్రపంచం రెండు శిబిరాలైందని సోవియట్ నాయకుడు జ్దానోవ్ ప్రకటించాడు. 1948 ఫిబ్రవరిలో కలకత్తాలో కమ్యూనిస్టు పార్టీ మహాసభలో ప్రధాన కార్యదర్శిగా పి.సి.జోషి దిగిపోయి బి.టి.రణదివే రావడంలో ఆ గాలి ఉంది. తెలంగాణ పోరాటం అప్పటికే నడుస్తోంది, దాని వేర్లు ఇక్కడి వెట్టిచాకిరీలో ఉన్నాయి, మాస్కోలో కాదు. అది మాత్రం గట్టిగా చెప్తా. కానీ కొనసాగించాలా ఆపాలా అని తేల్చుకోడానికి 1951 మొదట్లో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య మరో ఇద్దరితో కలిసి వెళ్లి కలిసింది స్టాలిన్‌నే. అక్టోబరులో విరమించారు.

అశోక్‌నగర్_అభ్యర్థి:
చాలా థాంక్స్ అందరికీ. పోలండ్‌తో మొదలుపెట్టి 1947 జులై దగ్గర ముగిస్తాను. రూమ్మేట్ 1917 ఏం చేయాలి సార్?

పాత_లెక్చరర్:
ఉపోద్ఘాతంలో ఒక్క వాక్యం చాలు, విప్లవం తర్వాత పరాయి సైన్యాలు రష్యాలో దిగాయని. దానికంటే ఇరాన్‌కు చోటివ్వు, ఎవరూ ఎత్తలేదు. యుద్ధకాలంలో దిగిన సోవియట్ సైన్యం, వెళ్లిపోవాల్సిన 1946 మార్చి 2 గడువు దాటినా ఉత్తర ఇరాన్ నుంచి కదల్లేదు. భద్రతా మండలి ముందుకొచ్చిన తొలి ఫిర్యాదుల్లో అదొకటి. మే నెలలో వెళ్లిపోయింది. కెన్నన్ చెప్పిందే నిజమని వాషింగ్టన్ నమ్మడానికి ఆ ఒక్క సంగతి చాలా పని చేసింది. రాసి ఇక్కడ పెట్టు, దిద్దుతాను.