చర్చ: లైబ్రరీ అల్మారాల మీద డ్యూయీ నంబర్లుండాలా, తెలుగు బోర్డులుండాలా?

కృష్ణపట్టె:
అందరికీ నమస్తే. మాది నల్లగొండ జిల్లాలో ఒక మండల కేంద్రం. మా శాఖా గ్రంథాలయానికి కొత్త ఇనుప అల్మారాలొచ్చినయ్. సర్దే పనిలో మేం నలుగురం పాఠకులం కూడా చెయ్యేస్తున్నం. నేననేది ఏందంటే, పుస్తకాల వెన్ను మీది డ్యూయీ నంబర్లు, అంటే ఒక్కో విషయానికి ఒక్కో నంబరు ఇచ్చే లెక్క, పీకేసి అల్మారాకో బోర్డు రాద్దాం. కథలు, నవలలు, చరిత్ర, ఎవుసం, ఆరోగ్యం, పోటీ పరీక్షలు, అంతే.

పోయిన వారం ఒక ఇంటర్ పిల్ల వచ్చింది, ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు రాయాలంట. నల్లగొండల ఫ్లోరైడ్ పుస్తకం దొరకకపోతే ఇంకెక్కడ దొరుకుతది? గంటసేపు దేవులాడినం. నీళ్లు శుద్ధి చేసుడు గురించినది 628ల, జబ్బుల పుస్తకం 616ల, మంచినీళ్ల సరఫరాది 363ల. మూడూ మూడు మూలలకున్నయ్. నాలుగోది రిజిస్టర్ల ఉన్నది, అల్మారల లేదు. ఆఖరికి ఆ పిల్ల ఫోన్‌ల చూసి రాసుకొని పోయింది. అమెరికాల ఎవరో ఎప్పుడో వేసిన లెక్కకు మనమెందుకు కట్టుబడి ఉండాలె?

పాత లైబ్రేరియన్:
తమ్మీ, బోర్డులు పెట్టు, నేను వద్దన. నంబర్లు మాత్రం పీకకు. ముప్పై ఏండ్లు ఈ దుమ్ములనే బతికినోణ్ణి, చెప్తున్న.

డ్యూయీ 1876ల వేసిన లెక్క ఏందంటే, పుస్తకం దేని గురించి అనేదొక్కటే చూడడు, ఏ శాస్త్రం తరఫున మాట్లాడుతున్నదో చూస్తడు. ఫ్లోరైడ్ మీద డాక్టర్ రాస్తే వైద్యంలకు పోతది, ఇంజినీర్ రాస్తే ఇంజినీరింగ్‌లకు పోతది. ఇట్ల చెదిరిపోతయని ఆయనకూ ఎరికే. అందుకే పట్టిక ఎంబడి రెలెటివ్ ఇండెక్స్ అని అకారాది సూచి ఒకటి కట్టిండు. ఒక్క మాట పట్టుకొని చూస్తే అది ఏయే నంబర్ల కింద ఉంటదో చెప్తది. మనోళ్లు నంబర్లు తెచ్చుకున్నరు, సూచిని మర్సిన్రు. తాళం తెచ్చుకొని చెవి ఇడిసిపెట్టినట్టు.

నీ బోర్డుల లెక్కనే అడుగుత. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లల ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌ల నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థోళ్లు తయారుచేసిన్రు. దాని పేరే 'నల్గొండ టెక్నిక్'. దాని మీది పుస్తకం నువ్వు ఏ అల్మారల పెడ్తవ్? ఆరోగ్యమా, సైన్సా, మన జిల్లా సంగతులా?

కృష్ణపట్టె:
సార్, 'మన జిల్లా' అని ఒక అల్మారా పెడ్తం. ఫ్లోరైడ్, సాయుధ పోరాటం, కవులు అన్నీ అండ్లనే.

పాత లైబ్రేరియన్:
ఊఁ. రేపు సూర్యాపేట మనిషి వచ్చి మాది వేరే జిల్లా అంటడు. అప్పుడు మళ్ల బోర్డు రాస్తవా?

గ్రూప్స్ పాలమూరు:
ఏ నంబరైతే ఏంది అన్నా, అల్మారకు తాళం ఉన్నంక. మా దగ్గర అద్దంలకెళ్లి చూసి "గా ఎర్రట్టది ఇయ్యుండ్రి" అని అడగాలె. నేనైతే రోజూ పొద్దున ఎనిమిదింటికి పోయి కుర్చీ ఆపుకుంట, సొంత పుస్తకం సదువుకుంట, సాయంత్రం వస్త. అల్మారల ఏముందో రెండేండ్ల సంది నాకు తెల్వది. ముందు తాళాల సంగతి తేల్చుండ్రి.

లైబ్రరీ సైన్స్ విద్యార్థిని:
ఈ తాళాల గొడవ కొత్తదేం కాదు. మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా చేసిన రంగనాథన్ 1931లోనే ఐదు సూత్రాలు రాశారు. మొదటిది, పుస్తకాలున్నది వాడుకోవడానికి. మూడోది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలి. తాళం వేస్తే ఈ మూడోది ఎలా జరుగుతుంది? పుస్తకం పోతే డబ్బు తన జీతంలోంచి పోతుందేమోనన్న భయంతో సిబ్బంది తాళం వేస్తారు. వాళ్లను తిట్టి లాభం లేదు, కానీ తీయాల్సిందే.

కృష్ణపట్టె గారి కోపంలో నిజం లేకపోలేదు. డ్యూయీ పట్టికలో 200 మతాలది. అందులో 220 నుంచి 289 దాకా క్రైస్తవానికే పోయింది. హిందూ మతం 294.5, ఇస్లాం 297, అంటే చివరి గదిలో సర్దుకున్నాయి. తెలుగు సాహిత్యం 894.827. తెలుగు లైబ్రరీలో సగం పుస్తకాల వెన్ను మీద ఇదే తోక! ఐతే సొంత భాషా సాహిత్యాన్ని 810 లాంటి చిన్న నంబరుకు తెచ్చుకునే వెసులుబాటు ఆ పద్ధతిలోనే ఉంది. మనమే వాడుకోం.

అసలు పాయింటు నాకు వేరే కనిపిస్తోంది. పుస్తకం ఒక్కచోటే కూర్చుంటుంది, నంబరు పెట్టినా, బోర్డు పెట్టినా. పుస్తకం ఎక్కడుందో చెప్పే కేటలాగు కార్డులు మాత్రం ఎన్నైనా రాయొచ్చు. 'ఫ్లోరైడ్' అని ఒక కార్డు, 'తాగునీరు' అని ఇంకొకటి, 'ఎముకల జబ్బులు' అని మరొకటి. మూడింటి మీదా ఒకే పుస్తకం నంబరు. నంబరు పీకేస్తే ఆ కార్డులు ఏ అల్మారాను చూపిస్తాయి?

పాలమూరు పాఠకుడు:
విద్యార్థిని చెప్పినదానికి నాదొక అనుభవం. సురవరం ప్రతాపరెడ్డి మా జిల్లావాడే. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా ఆయన 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చిండు. మా తాతగారి ఊరి కవి ఒకాయన అందులో ఉన్నడని విని ఒక లైబ్రరీకి పోయిన. కంప్యూటర్ల ఆ కవి పేరు కొడితే ఏం రాలే. ఎందుకొస్తది? పుస్తకానికి ఎక్కించింది ఒక్క ఎంట్రీనే. ఆ 354 మంది కవులు పుస్తకం లోపలనే దాక్కున్నరు. ఆ ఒక్క ఎంట్రీ అన్న సక్కగుందా? 'రెడ్డి, సురవరం ప్రతాప' అని ఉన్నది. ఇంటిపేరు ముందుంటదని ఆ సాఫ్టువేరుకు ఎవరూ చెప్పలే. రెడ్డి అని కొడితే పేజీలకు పేజీలు రెడ్లే. రావు కొడితే ఇంకా ఎక్కువ. ఇంగ్లిషు అక్షరాలల ప్రతాప్, ప్రతాప, ప్రథాప, మూడు తీర్ల రాసిన్రు. తెలుగు లిపిల ఎక్కిస్తే పోయేది కద!

గ్రూప్స్ పాలమూరు:
354 కార్డులు ఎవరు రాస్తరన్నా, ఒక్క పుస్తకానికి?

పాలమూరు పాఠకుడు:
అన్నీ వద్దు. మా జిల్లావి రాస్త నేను.

పాత లైబ్రేరియన్:
గదీ మాట. నేను పనిచేసినప్పుడు ఎవరన్న వచ్చి అడిగితే కళ్లు మూసుకొని తెచ్చిచ్చేటోణ్ణి. గొప్ప అనుకునేటోణ్ణి. రిటైరైనంక ఫోన్లు రావట్టినయ్, "సార్, గా బావుల పుస్తకం యాడ పెట్టిన్రు?" అని. అంటే కార్డులన్నీ నా తలకాయలనే ఉన్నయన్నట్టు. తప్పు నాదే.

కృష్ణపట్టె:
సరే సార్, నంబర్లు పీకం. పైన తెలుగు బోర్డులు, వెన్ను మీద నంబరు. కానీ 'మన జిల్లా' అల్మారా మాత్రం ఇడిసిపెట్ట, దాని మీద కొట్లాట ఇంకా ఉన్నది. ఆ ఇంటర్ పిల్ల కోసం ఫ్లోరైడ్ కార్డులు ఆదివారం రాస్తున్నం. డ్రాయర్లల పాతవి బొత్తులకు బొత్తులు ఖాళీ కార్డులు దొరికినయ్, అంచులు పసుపు పట్టినయ్ గానీ గట్టిగనే ఉన్నయ్. మంచి చేతిరాత ఉన్నోళ్లు రావాలె. నా రాత నాకే అర్థం కాదు.

పాత లైబ్రేరియన్:
పదింటికి వస్త. ఆ రిజిస్టర్ల ఉండి అల్మారల లేని పుస్తకం పేరు పంపు. ఎవరింట్ల ఉందో నాకు అనుమానం ఉన్నది.