"స్టాండర్డ్ ఆఫ్ ది వరల్డ్" తెలుగులో ఏమవుతుంది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. అమెరికా కార్ల చరిత్ర మీద ఓ వ్యాసం తెలుగు చేస్తున్నాను. క్యాడిలాక్ కంపెనీ ఏళ్ల తరబడి ప్రకటనల్లో వాడుకున్న "స్టాండర్డ్ ఆఫ్ ది వరల్డ్" దగ్గర కలం ఆగింది. "ప్రపంచ ప్రమాణం" అంటే సర్కారు ఉత్తర్వులా ఉంది. గీటురాయి, కొలబద్ద, ఒరవడి, మేలుబంతి... వీటిలో ఏది నప్పుతుందంటారు?

జవాబు:
నా ఓటు కొలబద్దకండీ. ఆ నినాదం వెనక 1908లో ఇంగ్లండులో జరిగిన పరీక్ష ఒకటుంది. రాయల్ ఆటోమొబైల్ క్లబ్ వారు మూడు క్యాడిలాక్ కార్లను నట్టూ బోల్టూ సహా విప్పించి, భాగాలన్నీ ఒకే కుప్పగా కలిపించారు. అందులోంచి కొన్ని తీసేసి, వాటి బదులు డీలరు దగ్గరున్న విడిభాగాలు చేర్చారు. పానాలు, స్క్రూడ్రైవర్లు తప్ప ఇంకేమీ లేకుండా ఆ కుప్పలోంచే మళ్లీ మూడు కార్లు బిగించి, బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద 500 మైళ్లు నడిపారు. ఆ ఏటి డ్యూవర్ ట్రోఫీ వాటికే వచ్చింది.

ఆకురాయి ముట్టుకోకుండా బిగించారన్నదే ఇందులో అసలు విశేషం. ఆ రోజుల్లో చాలా కార్లలో ఒక్కో భాగాన్నీ పనివాడు ఆకురాయితో అరగదీసి, పక్కదానికి అతికేలా చేసుకునేవాడు. ఒక బండి గేరు ఇంకో బండికి పట్టేది కాదు. ఇక్కడ మాత్రం ప్రతి భాగమూ అచ్చుగుద్దినట్టు ఒకటే. కంపెనీని నడిపిన హెన్రీ లేలాండ్ అంతకుముందు తుపాకుల కర్మాగారాల్లో పనిచేసినవాడు. అంగుళంలో వెయ్యోవంతు దాకా కొలత తప్పకూడదన్న పట్టుదల అక్కణ్ణుంచి తెచ్చుకున్నాడు. ఇంకో సంగతి, పరీక్షకు నిలిచినవి ఒంటి సిలిండరు బళ్లు. విలాసం ఊసే లేదు, గెలిచింది కొలత. అందుకే కొలబద్ద.

జవాబు:
1908 వరకూ మీతో ఏకీభవిస్తాను. అయితే ఆ నినాదం అక్కడితో ఆగలేదు కదా. 1909లో జనరల్ మోటార్స్ ఆ కంపెనీని కొనేసింది. 1912 మోడల్‌కు చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ పెట్టారు. అంతవరకూ ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాలి, అది వెనక్కి కొడితే చెయ్యి విరిగేది. కొన్నేళ్లలో మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. 1948లో వెనక దీపాల దగ్గర చిన్న రెక్కలు మొలిచాయి. పీ-38 యుద్ధవిమానం తోక చూసి గీసిన నమూనా అది. పదేళ్లు తిరిగేసరికి పోటీ కంపెనీల కార్లకూ రెక్కలొచ్చాయి. క్యాడిలాక్ 1959 మోడల్‌లో అవి ఆకాశాన్నంటాయి.

పలక మీద పై వరసలో పంతులుగారు అందంగా రాసిస్తే, పిల్లలు కింద వరసల్లో అలాగే రాయడానికి పాటుపడతారు. ఆ పై వరస మేలుబంతి. బంతి అంటే వరస అని వేరే చెప్పక్కర్లేదు. ఒరవడి కూడా దగ్గరి మాటే గానీ, ఇవాళ చాలామందికి అది ధోరణి అన్న అర్థంలోనే వినిపిస్తుంది. గీటురాయి బంగారాన్ని పరీక్షిస్తుందే తప్ప తాను బంగారం కాదు, కాబట్టి ఇక్కడ పొసగదు. అమెరికాలో ఏ వస్తువైనా తన జాతిలో మేలైనదైతే దాన్ని ఆ రకంలో క్యాడిలాక్ అంటారు. "ప్రపంచానికి మేలుబంతి" అనండి, నిండుగా ఉంటుంది.

జవాబు:
అసలు పేరు గురించి కూడా ఒక మాట. 1701లో డెట్రాయిట్ దగ్గర కోట కట్టించిన ఫ్రెంచి అధికారి పేరు 1902లో ఈ కంపెనీకి పెట్టారు. ఆయన పుట్టుపేరు ఆంత్వాన్ లోమే. అమెరికా చేరాక "లామోత్ కాదియాక్" అని గొప్పింటి పేరు తగిలించుకున్నాడు, వంశచిహ్నమూ తానే కల్పించుకున్నాడు. కారు ముందున్న ముద్ర దాని నుంచి వచ్చిందే. కాదియాక్ నైరుతి ఫ్రాన్సులో ఒక ఊరు. మన ఇంటిపేర్లలోనూ ఊళ్ల పేర్లు బోలెడు. కాకపోతే అవి తాతముత్తాతల నుంచి వస్తాయి, ఆయనది సొంతంగా ఎంచుకున్నది. వ్యాసంలో మనిషిని కాదియాక్ అనీ, కారును క్యాడిలాక్ అనీ రాస్తే రెండు ఉచ్చారణలకూ న్యాయం జరుగుతుంది.

ప్రశ్న వేసినవారు:
అందరికీ కృతజ్ఞతలు. శీర్షికలో "ప్రపంచానికి మేలుబంతి" ఖాయం చేస్తున్నాను. 1908 పేరాలో మాత్రం కొలబద్దను వదలబుద్ధి కావడం లేదు. అచ్చుగుద్దినట్టు, ఆకురాయి కూడా మీ అనుమతితో తీసుకుంటున్నాను. ఆ పేరా తిరగరాసి రేపు ఇక్కడే పెడతాను, తప్పులుంటే దిద్దండి.