పాలు పడని పాపకు నానఖటాయ్: వీగన్ బటరా, డాల్డానా, కొబ్బరి నూనెనా?

అనంత_అమ్మ:
మా చెల్లెలి కూతురికి పాల అలర్జీ. నెయ్యి కూడా పెట్టొద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. సెలవులకు అనంతపురం వస్తోంది, నానఖటాయ్ బిస్కెట్లు చేసి పెడదామనుకుంటున్నాను. చెల్లెలు ఆన్‌లైన్‌లో పాలు లేకుండా నూనెలతో చేసే వీగన్ బటర్ తెప్పించమంటోంది. మా అత్తగారేమో డాల్డా ఉండగా అంత డబ్బెందుకు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

కర్నూలు_ఓవెన్:
అత్తగారి మాట కొట్టిపారేయకండక్కా. నేను బేకరీ పనిలోనే ఉన్నాను. కౌంటర్ మీద కనిపించే పఫ్‌లు, బిస్కెట్లు చాలావరకు మార్గరిన్‌తోనో (నూనెలతో చేసే వెన్నలాంటి కొవ్వు) వనస్పతితోనో (అంటే డాల్డా లాంటిది) చేసినవే. వెన్న 32-35 డిగ్రీలకే కరిగిపోతుంది, మన ఎండల్లో దాంతో పఫ్ పొరలు వేయాలంటే ఏసీ గది కావాలి. అందుకే వెన్న లేనిదే బేకింగ్ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అయితే నానఖటాయ్‌కి కొవ్వు గడ్డగా ఉండాలి. దాన్ని చక్కెర పొడితో గిలక్కొడితే గాలి చేరుతుంది, అది గుల్లగా వచ్చేది అందుకే. పల్లీ నూనె పోస్తే ఆ గాలి నిలవదు. బిళ్లలు ట్రేలో పరుచుకుపోతాయి.

కడప_గానుగ:
చిన్నపిల్లకు డాల్డానా? వద్దమ్మా. అందులో గుండెకు చెడు చేసే ట్రాన్స్ ఫ్యాట్ అనే కొవ్వు గురించి ఇన్నేళ్లుగా వింటూనే ఉన్నాం. నానఖటాయ్ పక్కన పెట్టి కేక్ చేయండి. గానుగ పల్లీ నూనె చక్కగా సరిపోతుంది, మరుసటి రోజుకీ మెత్తగా ఉంటుంది. ఓళిగల (బొబ్బట్ల) పిండిని మనవాళ్లు ఎప్పటినుంచో నూనెలోనే నానబెడుతున్నారు కదా. పైన నెయ్యి బదులు బెల్లం కలిపిన కొబ్బరిపాలు పోస్తే పాప అవీ తింటుంది.

ఆదోని_రుచి:
పిల్లకు నెయ్యి వద్దంటే వద్దు, అందులో వాదనే లేదు. కానీ వీగన్ బటర్ వెన్నతో సమానం అంటే మాత్రం ఊరుకోను. వెన్న కాచేటప్పుడు అడుగున ఎర్రబడేది ఉంటుంది చూడండి, ఆ కమ్మటి వాసన దాన్నుంచే. అది పాలలోంచి వచ్చింది. ఫ్లేవర్ కలిపితే అది రాదు. వీగన్ బటర్ కారం దోశ మీద వేసి చూడండి, కరుగుతుంది, మెరుస్తుంది, అంతే.

కర్నూలు_ఓవెన్:
దోశ విషయంలో మీ మాటే నిజం. నానఖటాయ్‌లో ఏలకుల పొడి ఎక్కువ వేస్తే ఆ లోటు అంతగా తెలియదు.

గానుగ అన్నా, 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదని రూలుంది. పాత డాల్డా వేరు, ఇప్పటిది వేరు. సంతృప్త కొవ్వు మాత్రం బాగానే ఉంటుంది. రోజూ తినేదైతే నేనూ వద్దంటాను.

అక్కా, అసలు భయపడాల్సింది లేబుల్ దగ్గర. ప్యాకెట్ మీద శాకాహారం అని చెప్పే పచ్చ చుక్క ఉంటే పాలు లేనట్టు కాదు, పాలపొడి ఉన్నదానికీ అదే చుక్క. కొన్ని మార్గరిన్లలో పాల పదార్థాలు కలుపుతారు. వీగన్ గుర్తు ఉన్నా, వెనకాల అలర్జీ హెచ్చరిక చదవకుండా కొనొద్దు. ఇంట్లో నెయ్యి రాసే ట్రే, గరిటె కూడా పాపకు వాడొద్దు.

అనంత_అమ్మ:
పచ్చ చుక్క సంగతి నాకు తెలియదు తమ్ముడూ, చాలా మంచి మాట చెప్పావు. మరి కొబ్బరి నూనె పనికొస్తుందా? ఇక్కడ ఎండకు సీసాలో నీళ్లలా ఉంది.

కర్నూలు_ఓవెన్:
పనికొస్తుంది, నా ఓటు దానికే. 24 డిగ్రీలు దాటితే కరుగుతుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి, వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉన్నప్పుడే తీసి గిలక్కొట్టండి. రాయిలా గట్టిపడితే పలుకులు మిగులుతాయి. బిళ్లలు చేశాక ట్రేతో సహా మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి, తర్వాతే ఓవెన్‌లోకి. తలనూనె వాసన వద్దనుకుంటే వంటకు అమ్మే రిఫైన్డ్ కొబ్బరి నూనె కొనండి.

నెయ్యి కొలతైతే అంతే బరువు నూనె వేయండి. వెన్న కొలతైతే తగ్గించాలి, వెన్నలో కొవ్వు దాదాపు 80 శాతమే, మిగతాది ఎక్కువగా నీరే. 100 గ్రాముల వెన్నకు 80 గ్రాముల నూనె చాలు. పిండి పొడిపొడిగా ఉంటే చెంచాడు కొబ్బరిపాలు చల్లండి.

కడప_గానుగ:
ఈ ఎండల్లో అంత తంటా ఎందుకో నాకైతే అర్థం కాదు. నా ఓటు ఇప్పటికీ పల్లీ నూనె కేక్‌కే. కావాలంటే కొలతలు పెడతాను.

అనంత_అమ్మ:
పెట్టండన్నా, ఆదివారం రెండూ చేస్తాను. వీగన్ బటర్ వద్దని చెల్లెలికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.