గ్రోత్ ఫ్యాక్టర్ల ఆకారం కంప్యూటరే చెప్తుంటే క్రిస్టల్స్ ఇంకా ఎందుకు?

పాలమూరు_ఎమ్మెస్సీ: అందరికీ నమస్తే. మాది మహబూబ్‌నగర్, ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ. ప్రాజెక్టుకు ఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ తీసుకున్నా. గాయం మానేటప్పుడు చర్మ కణాలను పెరగమని చెప్పే ప్రోటీన్ అది. అమైనో ఆమ్లాల వరుస చూసి ప్రోటీన్ ఆకారాన్ని అంచనా వేసే ఏఐ ప్రోగ్రామ్ ఆల్ఫాఫోల్డ్‌లో దాని ఆకారం ఉచితంగా దొరుకుతోంది. ఆ పనికే 2024లో హసాబిస్, జంపర్‌లకు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ప్రోటీన్‌ను క్రిస్టల్‌గా పెంచి ఎక్స్‌రేలతో ఆకారం చూడాలంటే, ఆ ఎక్స్‌రేలిచ్చే బీమ్‌లైన్ కోసం మేము ఇండోర్‌లోని ఇండస్-2 కేంద్రం దాకా పోవాలి. ఇక క్రిస్టల్స్ పెంచడం నేర్చుకోవడం అనవసరమని నా వాదన.

నల్లగొండ_లెక్చరర్: తమ్మీ, నువ్వు తెరిచిన మోడల్‌లో అమైనో ఆమ్లాలు ఎన్ని?

పాలమూరు_ఎమ్మెస్సీ: 1207 సార్.

నల్లగొండ_లెక్చరర్: అసలు ఈజీఎఫ్‌లో ఉండేవి 53. నువ్వు చూస్తున్నది, కణం కోసి వేరు చేయకముందు ఉండే పొడవాటి గొలుసు. నీకు కావాల్సిన ముక్క 971 నుంచి 1023 వరకు. అందులో సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు ఆరు, అవి మూడు జతలుగా ముడిపడాలి. అవి 15 రకాలుగా జతకట్టగలవు, సరైన అమరిక ఒక్కటే: ఒకటి మూడుతో, రెండు నాలుగుతో, ఐదు ఆరుతో. బ్యాక్టీరియాలో తయారు చేస్తే ముడులు తప్పుగా పడొచ్చు. మోడల్ చూపించేది సరైన ముడిని, నీ ట్యూబులో పడ్డదాన్ని కాదు.

పోచంపల్లి_మగ్గం: మా ఇంట్లో నూలుకు ముందే కట్లు కట్టి రంగు అద్దుతాం. చీర డిజైన్ అంతా అప్పటికే నూలులో ఉన్నట్టే. ప్రోటీన్ కూడా అంతే కదా, వరుస తెలిస్తే ఆకారం తెలుస్తుంది. నేను తమ్ముడి వైపే.

మిర్యాలగూడ_ఫార్మా: సార్, ముడులు సరిగ్గా పడ్డాయో లేదో చూడటానికి క్రిస్టలే అక్కర్లేదు. ముక్కల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీతో తెలుస్తుంది. ఇది మీ వాదనకు బలమైన ఆధారం కాదు.

నల్లగొండ_లెక్చరర్: నిజమే అమ్మా, ఆ మాట ఒప్పుకుంటున్నా. అయితే రిసెప్టర్ సంగతి చూడండి, అంటే కణం మీద ఉండి ఇలాంటి సందేశాలను అందుకునే ప్రోటీన్. గ్రోత్ హార్మోన్ రెండు రిసెప్టర్ల నడుమ నిలబడి రెంటినీ కలుపుతుందని 1992లో క్రిస్టల్ చూపించింది. ఈజీఎఫ్ కూడా అలాగే చేస్తుందని అనుకోవడం సహజం. 2002లో క్రిస్టల్ చూస్తే రెండు ఈజీఎఫ్‌లు చెరో పక్కన, బయటి వైపున ఉన్నాయి. నడుమ రిసెప్టర్లే చేతులు చాచి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఇది నూలు చూసి చెప్పగలిగే సంగతేనా?

పాలమూరు_ఎమ్మెస్సీ: ఆల్ఫాఫోల్డ్ 3 ఇలాంటి కలయికలను కూడా చెప్తోంది కదా సార్.

నల్లగొండ_లెక్చరర్: చెప్తోంది. కానీ అది పాఠం నేర్చుకున్నదే ప్రయోగాలతో తేలిన ఆకారాలను దాచే ప్రోటీన్ డేటా బ్యాంకులోని ఇలాంటి నిర్మాణాల నుంచి. ఎవరో ఏళ్ల తరబడి కూర్చుని క్రిస్టల్స్ పెంచితేనే ఆ పాఠం తయారైంది. కొత్త పాఠం ఎవరు రాయాలి?

మిర్యాలగూడ_ఫార్మా: అందరూ రాయాల్సిన పని లేదు. కొద్దిమంది చాలు. మిగతావాళ్లకు మోడల్‌లో ఏ భాగాన్ని నమ్మాలో తెలిస్తే మేలు. ఆల్ఫాఫోల్డ్ మోడల్‌కు వేసే రంగులు ఏ భాగాన్ని ఎంత నమ్మొచ్చో చెప్తాయి తమ్ముడూ, నారింజ అంటే నమ్మకం చాలా తక్కువ. నారింజ రంగులో ఉన్నచోట ఆగి ఆలోచించు.

పాలమూరు_ఎమ్మెస్సీ: అక్కా, ఇప్పుడే చూశా, నా 1207లో నారింజ కూడా ఉంది. 53 ముక్క కోసి క్రిస్టల్‌తో పక్కపక్కన పెట్టి పోలుస్తా. క్రిస్టల్స్ పెంచడం అందరూ నేర్చుకోవాలన్నదానికి మాత్రం ఇంకా ఒప్పుకోను సార్.