సైనికుల సేవా సంస్థలో ఐటీ హెడ్‌కి కార్పొరేట్ జీతమా?

ప్రశ్న – వర్జీనియా_మురళి
నాకు తెలిసినాయన బ్యాంకుల్లో పెద్ద ఐటీ ఉద్యోగాలు చేసి, అమెరికా సైనిక కుటుంబాలకు సాయపడే ఒక లాభాపేక్ష లేని సంస్థలో సీఐఓగా, అంటే ఐటీ హెడ్‌గా చేరారు. పాత జీతం కంటే తక్కువే. అయినా ఇలాంటి సంస్థలు ఏటా పన్ను శాఖకిచ్చే, ఎవరైనా చూడగలిగే ఫారం 990లో ఆ అంకె చూసి మా వాళ్లు "దాతల సొమ్ముతో ఇంతా?" అంటున్నారు. మీరేమంటారు?

లెక్కలు_తప్పవు
వాళ్లన్నదే కరెక్ట్. నేను చెక్కు రాసేది కాలు పోగొట్టుకున్న కుర్రాడి కోసం, క్లౌడ్ బిల్లు కోసం కాదు. గాయపడ్డ సైనికులకు సాయపడే వూండెడ్ వారియర్ ప్రాజెక్ట్ సంగతి మర్చిపోయారా? సమావేశాలకీ హోటళ్లకీ ఖర్చు ఎక్కువైందని 2016 జనవరిలో పత్రికలు రాశాయి. మార్చికల్లా సీఈఓని, సీఓఓని బోర్డు తప్పించింది. ఆ తర్వాత విరాళాలు పడిపోయాయి.

సర్వర్_సుబ్బయ్య
ఆ గొడవ హోటళ్ల గురించి, ఐటీ గురించి కాదు కదండీ. సైనికుల కోసం సెంటర్లు, వినోద కార్యక్రమాలు నడిపే యూఎస్ఓనే తీసుకోండి. రూజ్‌వెల్ట్ కోరిక మీద 1941లో పుట్టింది. అప్పుడైతే కాఫీ, డాన్సు, కమెడియన్ బాబ్ హోప్ షోలు ఉంటే సరిపోయేది. ఇప్పుడు దూరదేశంలో ఉన్న సైనికుడు అలాంటి సెంటర్‌కి వచ్చి ముందు అడిగేది వైఫై. ఇంట్లో బిడ్డ నిద్రపోయేలోపు వీడియో కాల్ కలవాలి. బిడ్డ "నాన్నా" అనగానే స్క్రీన్ బిగుసుకుపోతే, గోడకి ఎంత మంచి రంగు వేసి ఏం లాభం? అక్కడ నెట్‌వర్కే సేవ. దాన్ని ఆఫీసు ఖర్చు కింద రాసి తిట్టడం నాకు అర్థం కాదు.

పైగా దాతల డేటా కూడా ఉంటుంది. 2020లో ఛారిటీలకి దాతల డేటా సాఫ్ట్‌వేర్ అమ్మే బ్లాక్‌బాడ్ కంపెనీ మీద సైబర్ దాడి జరిగితే వేల సంస్థల దాతల వివరాలు బయటికి పోయాయి.

లెక్కలు_తప్పవు
సుబ్బయ్య గారూ, మీ ఉదాహరణ మీకే ఎదురు తిరిగింది. బ్లాక్‌బాడ్ బయటి వెండర్. వాడి దగ్గర డేటా పోతే మీ ఖరీదైన సీఐఓ ఏం ఆపాడు?

ఆడిట్_అత్తయ్య
మంచి పాయింటే, కానీ సగమే. ఆ కంపెనీ పాత కస్టమర్ల డేటాని కూడా అవసరం తీరాక ఏళ్ల తరబడి అట్టే పెట్టుకుందని అమెరికా వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఆరోపించింది. మన డేటా ఎన్నాళ్లు ఉంచుతావు, ఎప్పుడు చెరిపేస్తావు అని కాంట్రాక్టులో పట్టుబట్టాల్సింది సీఐఓనే. జూనియర్ అడిగితే వెండర్ వినడు.

ఇక జీతం. ఇలాంటి సంస్థల్లో పెద్ద అధికారులకి ఇష్టమొచ్చినట్టు ఇవ్వడం కుదరదు. సంబంధం లేని బోర్డు సభ్యులు, పోల్చదగ్గ సంస్థల జీతాలు చూసి, ఒప్పుకుని, కారణం రాసిపెడితే సంస్థకి చట్టపరంగా రక్షణ. మరీ ఎక్కువ తీసుకున్నట్టు తేలితే, అదనంగా తీసుకున్న దాని మీద 25 శాతం పన్ను ఆ అధికారే కట్టాలి. ఆఫీసు ఖర్చు శాతం ఒక్కటే చూసి సంస్థని తూచొద్దని 2013లో ఛారిటీ నావిగేటర్, గైడ్‌స్టార్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ కలిసి దాతలకి బహిరంగ లేఖ రాశాయి. రేటింగులు ఇచ్చేవాళ్లే ఆ మాట అన్నారు మరి.

ఓపీటీ_కుర్రాడు
టాపిక్ మారుస్తున్నా, సారీ. ఇలాంటి చోట చేరితే హెచ్1బీ లాటరీ టెన్షన్ ఉండదా?

ఆడిట్_అత్తయ్య
ఉంటుంది బాబూ. ఆ మినహాయింపు యూనివర్సిటీలకి, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని సంస్థలకి, లాభాపేక్ష లేని లేదా ప్రభుత్వ పరిశోధన సంస్థలకి. ప్రతి ఛారిటీకీ కాదు.

వర్జీనియా_మురళి
ఆయన చేరాక చేసిన మొదటి పని, ఒక్కో విభాగం ఒక్కో ఎక్సెల్‌లో దాచుకున్న వాలంటీర్ల జాబితాలన్నీ ఒకచోటికి తేవడం. బ్యాంకులో అయితే నెల పని, ఇక్కడ ఏడాది పట్టిందట. ఎవరి ఫైలు వాళ్లకి ప్రాణం.

లెక్కలు_తప్పవు
అదే నేను అడిగేది కూడా. 990లో జీతం కనిపిస్తుంది, ఈ పని కనిపించదు. ఏ పాత సిస్టమ్ తీసేశారు, దాని వల్ల ఎంత మిగిలింది, అది సైనికుడికి ఎలా చేరింది, ఒక్క పేజీ రాసి వెబ్‌సైట్లో పెట్టమనండి. చదివాక ఈ ఏడాది చెక్కు సంగతి ఆలోచిస్తా.