వైజాగ్‌లో రాబోయే మాల్‌లో చిన్న షాపు తీసుకోవచ్చా?

ఖద్దరు_వైజాగ్

ద్వారకానగర్‌లో మా అత్తగారు మొదలుపెట్టిన ఖద్దరు షాపు ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఎక్కువగా పొందూరు పంచెలు, చీరలు, ఒక అలమరలో ఏటికొప్పాక బొమ్మలు. సాలగ్రామపురంలో 17 ఎకరాల పోర్టు స్థలంలో ఇనార్బిట్ మాల్‌కి 2023 ఆగస్టులో శంకుస్థాపన అయినప్పటి నుంచి మా వీధిలో అదే మాట. ఇప్పుడు బీచ్ రోడ్డులో లులూ మాల్ కూడా అంటున్నారు. ఒక బ్రోకరు వచ్చి, రాబోయే మాల్‌లో 200 చదరపు అడుగుల షాపు ఇప్పిస్తాను, ముందే టోకెన్ ఇస్తే గ్రౌండ్ ఫ్లోర్ ఖాయం అంటున్నాడు. మా ఆయన వద్దంటున్నారు. నాకు మాత్రం తీసుకోవాలని గట్టిగా ఉంది. పొందూరు ఖద్దరు అంటే వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, చేత్తో వడికి నేసిన గుడ్డ. ధర పెట్టగలిగే కుర్రాళ్లు మా వీధికి రావడం లేదు, బండి పెట్టుకోవడానికే చోటుండదు. మాల్స్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

లీజింగ్_హైదరాబాద్

హైదరాబాద్‌లో మాల్స్‌కి షాపులు అద్దెకిచ్చే పనిలో ఉన్నానండీ. మీ పొందూరు బట్ట మాల్‌లో కనపడాలని నాకూ ఉంది, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ బ్రోకరుకి రూపాయి కూడా ఇవ్వకండి. మాల్ కంపెనీ ఇచ్చిన లెటర్ చేతికొచ్చాక, డబ్బు ఆ కంపెనీ ఖాతాకే వెళ్లాలి.

మాల్ కట్టేవాళ్లు ముందు సినిమా హాళ్లు, హైపర్ మార్కెట్, పెద్ద బట్టల షాపుల వాళ్లతో మాట్లాడుకుంటారు. జనాన్ని రప్పించేది వాళ్లే కాబట్టి అద్దె బాగా తగ్గించి ఇస్తారు. ఆ తగ్గింపు మీలాంటి చిన్న షాపుల చదరపు అడుగు రేటులో తేలుతుంది.

ఇక కొలత. 200 అడుగులు అంటే లోపల వాడుకునే జాగానా, అద్దె లెక్కగట్టే జాగానా? వరండాలు, ఎస్కలేటర్ల వాటా కలిపి 50 శాతం లోడింగ్ వేశారనుకోండి, 200కి బదులు 300 అడుగులకి కడతారు. మెయింటెనెన్స్ కూడా ఆ 300కే. ఏసీ, సెక్యూరిటీ, శుభ్రం అన్నీ అందులోకే వస్తాయి. అద్దె, మెయింటెనెన్స్ రెండిటి మీదా 18 శాతం జీఎస్టీ. మీరు కాంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతి) ఉంటే ఆ పన్ను తిరిగి రాదు, పూర్తిగా మీ ఖర్చే.

చాలా అగ్రిమెంట్లలో కనీస అద్దె, అమ్మకాల్లో శాతం రెండూ రాస్తారు, ఏది ఎక్కువైతే అది కట్టాలి. చేనేతలో మిగిలేదే కొంచెం, అక్కడ గట్టిగా బేరమాడండి.

అన్నిటికన్నా ముఖ్యం, అద్దె ఏ రోజు నుంచి మొదలవుతుంది? మీ ఊళ్లోనే చూశారు కదా, లులూకి 2018లో శంకుస్థాపన చేసి, 2019లో రద్దు చేసి, 2025లో మళ్లీ స్థలం ఇచ్చారు. మాల్ తెరిచి, సినిమా హాలు, హైపర్ మార్కెట్ నడిచిన రోజు నుంచే అద్దె అని రాయించుకోండి. అలా రాయకపోతే ఖాళీ మాల్‌కి అద్దె కడుతూ కూర్చోవాలి.

జగదాంబ_బాబాయ్

అమ్మా, మద్దిలపాలెంలో సీఎంఆర్ సెంట్రల్ వచ్చినప్పుడు జగదాంబ జంక్షన్ షాపుల పని అయిపోయిందన్నారు. పెళ్లి బట్టలకి జనం ఇంకా జగదాంబకి వస్తూనే ఉన్నారు. పాత షాపు మాత్రం ఖాళీ చేయకు. మాల్ తెరిచాక మధ్య హాల్లో శని, ఆదివారాలకి స్టాల్ అద్దెకిస్తారు, ముందు అది పెట్టి చూడు. రాట్నం ఒకటి తీసుకెళ్లి వడికేవాళ్లని కూర్చోబెడితే జనం ఆగి చూస్తారు.

ఖద్దరు_వైజాగ్

ఇద్దరికీ థ్యాంక్సండీ. మేం కాంపోజిషన్‌లోనే ఉన్నాం, ఆ 18 శాతం సంగతి బ్రోకరు ఎత్తనే లేదు. టోకెన్ ఇవ్వడం లేదు. బాబాయ్ గారూ, స్టాల్ మాట మా ఆయనకి కూడా నచ్చింది. పొందూరు నుంచి వడికే అమ్మని పిలిస్తే రానూపోనూ ఛార్జీలు, రోజు కూలి మేమే ఇస్తాం. లీజింగ్ గారూ, స్టాల్‌కి కూడా అమ్మకాల్లో శాతం అడుగుతారా, లేక రోజుకింత అని అద్దేనా?

లీజింగ్_హైదరాబాద్

ఎక్కువ చోట్ల రోజుకింత అనే తీసుకుంటారండీ. పండగ వారాల్లో రేటు పెరుగుతుంది, కాబట్టి సంక్రాంతికి కావాలంటే ముందే మాట్లాడుకోండి. కరెంటు విడిగా కట్టాలేమో కూడా అడగండి.