విపీల్ మీద బొమ్మలు కుట్టినవా, నేసినవా?

ప్రశ్న: గ్వాటెమాలా కళాకారుడు ఆంటోనియో పిచియా పనుల మీద తెలుగులో పరిచయ వ్యాసం సిద్ధమవుతోంది. ఆయనది శాన్ పెద్రో లా లగూనా ఊరు, మాయా జనుల్లో త్సుతుహిల్ తెగ. నేసిన గుడ్డ, ముడులు, మగ్గం పుల్లలు, ఇవే ఆయన సరంజామా. అక్కడి మగ్గాన్ని "నడుము మగ్గం" అన్నాం. ఆడవాళ్ల పైవస్త్రం విపీల్ మీది బొమ్మల్ని "రంగుదారాల కుట్టుపని" అన్నాం. సరేనా?

జవాబు: నడుము మగ్గం నిక్షేపంగా ఉంది, ఉంచండి. పడుగు, అంటే నిలువు పోగుల, ఒక కొస చెట్టుకో గుంజకో కడతారు, రెండో కొస నేసేవాళ్ల నడుము వెనక పట్టీకి. బిగువంతా ఒంటి మీదే. ముందుకు వంగి పడుగు వదులు చేస్తేనే పోగులు కట్టిన పుల్ల పైకి లేస్తుంది. వంగకుండా లాగితే పోగులు తెగుతాయి. పోగుల్ని విడివిడిగా పట్టి ఉంచే దువ్వెనలాంటి పన్నె ఉండదు, అందుకే అంచులు లోపలికి లాక్కుపోతుంటాయి. గుడ్డ అడుగున వెడల్పు పట్టి ఉంచే అడ్డుపుల్ల పెట్టి, కాస్త నేయగానే దాన్ని ముందుకు జరుపుతుంటారు. మీ వ్యాసంలో "పన్నె కొట్టడం" అని ఎక్కడైనా ఉంటే తీసేయండి. పేకను, అంటే అడ్డపోగును, దగ్గరికి కొట్టేది చెక్క కత్తితో.

కుట్టుపని అని మాత్రం అన్నిటికీ అనకండి. కొన్ని విపీల్‌ల మీద కుట్టినవీ ఉంటాయి గానీ, చాలావాటి మీద ఆ బొమ్మలు మన ఉప్పాడ జాందానీలో బుటాల్లా నేతలోనే పుడతాయి. మామూలు పేక ఒక వరస వేశాక, బొమ్మ ఉన్నచోట రంగు పోగును వేళ్లతో ఎక్కిస్తారు. "అదనపు పేక" అనండి.

ఇంకొకరు: వెనక్కి తిప్పి చూస్తే కుట్టో నేతో తెలిసిపోతుందంటారు. రెండువైపులా ఒకేలా ఉంటేనో?

జవాబు: శాన్ ఆంటోనియో ఆగ్వాస్ కాలియెంతెస్ ఊరి నేతకు పేరు వచ్చిందే అందుకు. అక్కడ ఆ పరీక్ష పనిచెయ్యదండీ. భూతద్దం పెట్టండి. సూది తరచూ పోగును చీల్చుకుంటూ పోతుంది. అదనపు పేక పోగుల సందుల్లోంచే నడుస్తుంది. అయితే ఒక మెలిక ఉంది. మగ్గం వెడల్పు చేతికందినంతే కాబట్టి విపీల్‌ను రెండు మూడు పట్టీలు కలిపి చేస్తారు. ఆ అతుకు మీద రంగుల కుట్టు నిజంగా కుట్టే, దాన్ని "రాందా" అంటారు. మెడ చుట్టూ కూడా కుట్టుపని ఉండొచ్చు. ఆ రెండు చోట్లా మీ మాట చెల్లుతుంది.

ఇంకొకరు: నాలుగువైపులా అంచు కట్టుకున్న గుడ్డలు ఉంటాయి కదా, వాటి గురించీ ఒక ముక్క రాయొచ్చు.

జవాబు: రాయండి. పడుగును కత్తిరించకుండా రెండు కొసలా కడ్డీలకు ఉచ్చులుగా కడితేనే అది కుదురుతుంది. చివరికొచ్చేసరికి పోగుల మధ్య చోటు ఉండదు, ఆ కాస్తా సూదితో పేక దూర్చాలి. అందుకే అక్కడ నేత తక్కిన గుడ్డ కన్నా పలచగా, వంకరగా కనిపిస్తుంది. లోపం అనుకుని ఫొటోలో కత్తిరించేయకండి.

ప్రశ్న: చివరిగా "హాస్పే", పోగులు కట్టి రంగు అద్ది నేసే అక్కడి గుడ్డ. ఇక్కత్ అనాలా, చిటికి అనాలా?

జవాబు: అద్దకానికి ముందే పోగుల్ని కట్టడం రెండుచోట్లా ఒకటే, చిటికి అంటే పోచంపల్లి వైపు ఇట్టే అందుకుంటారు. హాస్పేకు పేరున్నది సల్కహా ఊరు. కానీ ఆ గుడ్డ లంగాలా చుట్టుకునే కోర్తేది, నేసేది స్పెయిన్ వాళ్లు తెచ్చిన కాలిమగ్గం మీద. కోర్తే ఫొటో కింద "నడుము మగ్గం" అని పడకుండా చూసుకోండి.